అత్తమ్మ కారు పాటలు

కారు స్టీరియో నేనే మార్చానంటే మా చెల్లెలు ఇప్పటికీ నమ్మదు. మిక్సీ రిపేరు చేసుకునేదాన్ని, ఇదెంత అనుకుని మొదలుపెట్టానండీ.

మా పాత ఆల్టోలో క్యాసెట్ సెట్ మామయ్య పెట్టించింది. ఆయన పోయి ఆరేళ్లు, అది మూగబోయి రెండేళ్లు. నెలకోసారి అత్తమ్మను హనుమకొండ నుంచి వరంగల్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను. మతిమరుపు ఎక్కువైంది ఆవిడకు. దారిపొడుగునా "ఎటు పోతున్నం బిడ్డా?" అని అడుగుతూనే ఉంటుంది. ఇంట్లో రేడియో పెడితే మాత్రం అడగదు, దానితో కలిసి పాడుతుంది. అందుకే ఈ పని.

"దాన్ని పీకకు, మీ మామ తిడ్తడు" అంది. నేనేమీ అనలేదు.

ముందు 10 నంబరు పానాతో బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీశాను. ఇది మాత్రం మర్చిపోకండి, తీగలు తగిలితే ఫ్యూజు పోతుంది. సెట్‌కు రెండు పక్కలా దూర్చి బయటికి లాగే రేకు తాళాలు మామయ్య టూల్ బాక్సులోనే దొరికాయి. వెనక చూస్తే తీగల గంప! పసుపుకు ఎప్పుడూ కరెంటు ఉండాలి, గడియారం, స్టేషన్లు దానివల్లే గుర్తుంటాయి. ఎరుపుకు కీ తిప్పితేనే రావాలి. నలుపు ఎర్త్. మాకున్నవి ముందు స్పీకర్లు రెండే కాబట్టి తెలుపు, బూడిద రంగు జతలు వాటికి కలిపి, మిగిలిన ఆకుపచ్చ, ఊదా తీగల కొసలకు దేనికదే టేపు చుట్టేశాను.

పాట వచ్చింది! ఆకాశవాణి వరంగల్ 103.5 పట్టి సేవ్ చేశాను. తెల్లారి కీ తిప్పితే స్టేషన్ లేదు, టైమూ లేదు. మళ్లీ పెట్టాను, మళ్లీ పోయింది.

పక్క సీట్లోంచి అత్తమ్మ నవ్వింది. "ఇది గూడ నా లెక్కనే అయింది."

నాకు నవ్వు రాలేదు. మా వాడి పాలిటెక్నిక్ మల్టీమీటరుతో చూస్తే, మా కారు వైపు పసుపు, ఎరుపు తారుమారుగా ఉన్నాయి. రంగు చూసి రంగుకు కలపడమే నా తప్పు. మార్చి కలిపాక స్టేషన్ ఇక పోలేదు.

పోయిన నెల హాస్పిటల్‌కు వెళ్తూ రెండుసార్లే అడిగింది.

పాత సెట్‌ను తన నూలు చీరలో చుట్టి బీరువాలో పెట్టించుకుంది. అప్పుడప్పుడూ తీసి, ఇదేంది బిడ్డా అంటుంది. మామయ్యదని చెప్తాను.