మూడు మెట్లు

2024 ఏప్రిల్ 22న సూరత్ లోక్‌సభ స్థానంలో ఒక్క ఓటైనా పడకుండానే బీజేపీ అభ్యర్థి ముకేశ్ దలాల్ గెలిచినట్టు ప్రకటించారు. కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ తిరస్కరణకు గురైంది; మిగిలినవారు పోటీ నుంచి తప్పుకున్నారు. ఆ వింతను గురించి రాయడానికి వెళ్ళిన నేను, పని ముగించుకొని ఉన్‌లో ఉంటున్న మా మేనమామను చూడబోయాను. నగరానికి దక్షిణపు అంచున, ఉధ్నా నుంచి సచిన్ వైపు వెళ్ళే దారిలో ఉంటుంది ఉన్. నగరంలో ఈ వైపున ఉన్న ఉధ్నా, లింబాయత్, చోర్యాసీ అసెంబ్లీ స్థానాలు నవసారి లోక్‌సభ కిందికి వస్తాయి. కనుక సూరత్ పేరు మీద పోలింగ్ లేకపోయినా మే 7న మామకు ఓటుంది.

"ఓటుకు పోవాలని ఉన్నది అల్లుడా. ఆడ మూడు మెట్లున్నయి" అన్నాడు మామ.

అతడు వేళాకోళమాడుతున్నాడనుకున్నాను. కాదు. చలికాలంలో జ్వరం వచ్చి రెండు వారాలు మంచం పట్టాడు. జ్వరం పోయింది, కాళ్ళలో సత్తువ మాత్రం తిరిగి రాలేదు. నేల మీద కూర్చుంటే గోడ పట్టుకోనిదే లేవలేడు. అత్తను అడిగితే "అరవై ఎనిమిదేండ్లాయె, వయసు మీద పడ్డది" అన్నది. మందులిచ్చిన డాక్టరూ అదే మాట అన్నాడట. మే 7న ఇద్దరు యువకులు చెరో చెయ్యి పట్టుకొని మామను ఆ మూడు మెట్లు ఎక్కించారు. ఫోనులో ఆ సంగతి చెబుతూ అతడు నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఈ బ్లాగులో ఇన్నాళ్ళూ పార్టీల బలాబలాల గురించి రాశాను. ఈసారి మనిషి కండబలం గురించి రాస్తున్నాను. ఇది కూడా రాజకీయమేనని చివరికి మీరూ ఒప్పుకుంటారని నా ఆశ.

మామ 1980లలో సిరిసిల్ల నుంచి సూరత్ చేరాడు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి అలా వచ్చిన నేతకార్మికులు ఎందరో. వాళ్ళ పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడిపింది. మామ దాదాపు నలభై ఏళ్ళు పవర్‌లూమ్ షెడ్డులో పన్నెండు గంటల షిఫ్టులు చేశాడు, అదీ నిలబడే. మరి జీవితమంతా శ్రమించిన కాళ్ళు ఇంత త్వరగా ఎందుకు సన్నబడ్డాయి?

జవాబు వెతికితే నా అజ్ఞానమే బయటపడింది. శ్రమ వేరు, వ్యాయామం వేరు. మగ్గాల మధ్య గంటల తరబడి నిలబడటం, అటూ ఇటూ నడవటం ఓర్పును పెంచుతాయి, అలసటనూ మిగులుస్తాయి. కానీ కండ పెరగాలంటే దాని మీద క్రమంగా హెచ్చే బరువు పడాలి, ఆపై విశ్రాంతి కావాలి, మరమ్మతుకు మాంసకృత్తులు కావాలి. మామ పనిలో ఈ మూడూ లేవు. ముప్ఫై ఏళ్ళు దాటాక పదేళ్ళకోసారి 3 నుంచి 8 శాతం వరకు కండ తరుగుతుందని, అరవై దాటాక ఆ వేగం ఇంకా పెరుగుతుందని వైద్యశాస్త్రం అంచనా. పరిమాణం కంటే బలం మరింత త్వరగా తగ్గుతుంది. మంచం పడితే చెప్పనక్కరలేదు. 2007లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో, ఆరోగ్యంగా ఉన్న వృద్ధులు పది రోజులు మంచం మీద ఉన్నంత మాత్రానే కాళ్ళలో దాదాపు కిలో కండ కోల్పోయారు. మామ పద్నాలుగు రోజులున్నాడు, పైగా జ్వరంతో.

ఈ స్థితికి సార్కోపీనియా అని 1989లో పేరు పెట్టినవాడు ఇర్విన్ రోజెన్‌బర్గ్. గ్రీకులో మాంసం, లేమి అనే రెండు మాటల కలయిక అది. అమెరికాలో వాడే వ్యాధుల జాబితాలో దానికి ప్రత్యేక సంకేతం దక్కింది 2016లో. అంతవరకు అది వ్యాధి కాదు, వయసు మాత్రమే. పేరు లేని బాధకు బడ్జెట్‌లో పద్దు ఉండదన్నది నా వృత్తి నాకు నేర్పిన పాఠం.

అయితే ఇది తిరుగులేని దశ కాదు. 1994లో బోస్టన్‌లో ఒక వృద్ధాశ్రమంలోని నూరుమందిపై జరిగిన అధ్యయన ఫలితాలు వెలువడ్డాయి. వారి సగటు వయసు 87. పది వారాలు బరువులతో కాళ్ళకు వ్యాయామం చేయించగా వారి కండబలం రెట్టింపును మించింది. వ్యాయామం లేకుండా పోషక పానీయం మాత్రమే తాగినవారికి ఆ మేలు కలగలేదు. డబ్బాలలో అమ్మే పొడులను నమ్ముకునేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

వ్యాయామానికి తిండి తోడు కాకపోయినా అంతే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 ప్రమాణాల ప్రకారం పెద్దవారికి కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. వృద్ధుల శరీరం వాటిని కండగా మార్చుకోవడంలో మందగిస్తుంది గనుక 1 నుంచి 1.2 గ్రాములు అవసరమని అంతర్జాతీయ నిపుణుల సిఫారసు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం వైద్యుణ్ణి అడగాలి. మామ బరువు 52 కిలోలు. అంటే రోజుకు 52 నుంచి 62 గ్రాములు. అతడి తిండి ఏమిటి? పొద్దున చాయ్, ఖారీ. రెండు పూటలా అన్నం, నీళ్ళవంటి పప్పుచారు. ఎంత ఉదారంగా లెక్కగట్టినా ముప్ఫై దాటలేదు.

కనుక ఒక చిన్న ఏర్పాటు చేసుకున్నాం. రోజుకు రెండు గుడ్లు, ఒక గ్లాసు పాలు, గరిట నిలిచేంత చిక్కటి పప్పు, గుప్పెడు ఉడికించిన శనగలు. వారానికి మూడు రోజులు కుర్చీలోంచి లేచి కూర్చోవడం, తలుపు చట్రం పట్టుకొని మడమలెత్తడం, నీళ్ళు నింపిన సీసాలు ఎత్తడం. మొదట్లో "ఈ వయసుల నాకు కసరతులా" అని మామ సిగ్గుపడ్డాడు. అత్త పట్టు విడవలేదు.

ఆసియా నిపుణుల బృందం 2019లో చెప్పిన ఒక సులభమైన పరీక్ష ఉంది. చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోవాలి. 12 సెకన్లు, ఆపైన పడితే జాగ్రత్తపడాలి. ఏప్రిల్‌లో మామ చేతుల ఆసరా లేకుండా ఒక్కసారి కూడా లేవలేకపోయాడు. అదే కుర్చీలో నేను చేస్తే 11 సెకన్లు పట్టింది. టీవీ చర్చల్లో కూర్చునే నలభైల మనిషికి అది గర్వపడే అంకె కాదు. డిసెంబరులో మళ్ళీ వెళ్ళినప్పుడు మామ 15 సెకన్లలో ముగించాడు. గీత ఇంకా దాటలేదు. కానీ గోడ పట్టుకోకుండా లేచాడు.

ఇప్పుడు రాజకీయం. ఆహార భద్రత చట్టం కింద మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం అందుతుంది. బియ్యమైతే అందులోని మాంసకృత్తులు రోజుకు సుమారు 13 గ్రాములు; మామకు కావలసినదానిలో పావువంతు. 2020లో కరోనా నెలల్లో కుటుంబానికి కిలో పప్పు లేదా శనగలు కేంద్రమే పంచింది. అంటే దారి తెలియక కాదు. 80 లోపు పేద వృద్ధుల పింఛనులో కేంద్రం వాటా 2007 నుంచి నెలకు 200 రూపాయలే. తెలంగాణలో చేనేత కార్మికులకు 50 ఏళ్ళకే పింఛను ఉంది. కానీ మామ అక్కడ లేడు. 2024 అక్టోబరు నుంచి 70 దాటినవారికి 5 లక్షల వరకు ఆసుపత్రి ఖర్చు ప్రభుత్వం భరిస్తోంది. మంచిదే. తుంటి ఎముక విరిగాక లక్షలు సిద్ధం. విరగకుండా కాపాడే రెండు గుడ్లకు, ఒక ఫిజియోథెరపిస్టు సలహాకు మాత్రం దారి వెతుక్కోవాలి.

అదే ఎన్నికల్లో 85 దాటినవారి గడపకే బ్యాలట్ వెళ్ళింది. ఆ ఏర్పాటును నేను మెచ్చుకుంటూ రాశాను, ఇప్పటికీ మెచ్చుకుంటాను. ఓటు కోసం వృద్ధుడి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళగలిగిన రాజ్యం, నెలకోసారి అతడి కాళ్ళ బలం చూడటానికి ఒక మనిషిని పంపలేదా?

డిసెంబరులో బయలుదేరే ముందు మామ అడిగాడు: "మళ్ల ఓట్లెప్పుడు అల్లుడా?"

ఇంకా సమయముందన్నాను. "మంచిదే, అప్పటిదాంక కుర్చీల లేసి కూసుంట" అన్నాడు. ఈసారి అతడి నవ్వు నాకు నచ్చింది.