కుండ మోగాలి

మధురపూడి ఎయిర్‌పోర్టులో అద్దం పక్కన కూర్చుని చూస్తూనే ఉన్నాను. నేనెక్కాల్సిన విమానం వచ్చి ఆగింది, జనం దిగారు, పెట్టెలు దింపేశారు. పచ్చ జాకెట్టు ఇంజనీరొకాయన ముక్కు దగ్గర మొదలెట్టి చుట్టూ తిరుగుతూ సామాన్ల తలుపు కింద ఆగిపోయాడు. చేత్తో తడిమాడు. టార్చి వేశాడు. ఇంకొకాయన్ని పిలిచాడు. పావుగంటకి మైకులో ‘సాంకేతిక కారణాలు’ అన్నారు. మర్నాడు మధ్యాహ్నం రమ్మన్నారు. పక్కాయన తిట్లు లంకించుకున్నాడు. నేనూ రెండు కలిపాను, అబద్ధమెందుకు!

లాడ్జిలో పడుకునే కంటే ఆత్రేయపురంలో పిన్ని ఇంటికి పోవడం మేలనిపించింది. ధవళేశ్వరం బ్యారేజీ దాటి, బొబ్బర్లంక మీదుగా వెళ్లేసరికి దీపాలు పెట్టేశారు. పిన్ని అల్లుడు సెలవుకి వచ్చి ఉన్నాడు. ఇరవయ్యేళ్లకి పైగా విమానాల మరమ్మతు పనే ఆయనది. నా గోల విని నవ్వాడు. “నిన్ను ఆపినాయన్ని తిట్టకు బావా. దండం పెట్టు” అన్నాడు.

తెల్లారి పిన్ని వెనకాలే పూతరేకుల పాకలోకి వెళ్లాను. పొయ్యి మీద బోర్లించిన కుండ, నూనె తాగి తాగి నల్లగా నిగనిగలాడుతోంది. నిప్పు వెయ్యకముందే వేలు మడిచి కుండ నడినెత్తిన కొట్టింది. ఖంగుమంది. కాస్త పక్కకి జరిగి కొట్టింది. మళ్లీ ఖంగు. అంచు దగ్గరకొచ్చేసరికి మొద్దుగా మోగింది, తడి గోడని తట్టినట్టు. కంటికి మాత్రం ఏమీ లేదు. తడిగుడ్డతో తుడిచి వెలుతురుకి తిప్పితే అప్పుడు కనిపించింది, వెంట్రుకవాసి నెర్ర.

“ఎవర్రా దీన్ని తగిలించింది?”

పాకంతా నిశ్శబ్దం. చివరికి గుమ్మం దగ్గర మనవడు నసిగాడు. “నేనే అమ్మమ్మా. నిన్న సైకిలు తగిలింది.”

పిన్ని చెయ్యెత్తబోయింది. “చెప్పాడు కదండీ అత్తయ్యగారూ, వదిలెయ్యండి” అని బావ అడ్డమొచ్చాడు. వాణ్ణి ఒళ్లోకి లాక్కుని, మాకందరికీ అమెరికా కథొకటి చెప్పాడు.

2005 డిసెంబర్ 26. సియాటిల్‌లో అలాస్కా ఎయిర్‌లైన్స్ విమానం నిలబడి ఉంది. సామాన్లు ఎక్కించే కుర్రాడి బండి దాని ఒంటికి రాసుకుంది. అతను ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. విమానం లేచింది. 26,000 అడుగుల దగ్గర, ఆ నొక్కు పడ్డచోట అడుగు పొడవున చిల్లు పడింది. లోపలి గాలి బయటికి తన్నుకుపోయింది. ఆక్సిజన్ మాస్కులు ఊడిపడ్డాయి. అదృష్టం, వెనక్కి తిప్పి క్షేమంగా దించారు.

“ఇక్కడ గన్నవరంలో 2021 ఫిబ్రవరిలో దోహా నుంచి వచ్చిన విమానం రెక్క దీపస్తంభానికి కొట్టుకుంది. అందరూ చూశారు, బండి ఆగిపోయింది, ఎవరికీ ఏమీ కాలేదు. అందరూ చూసిన దెబ్బతో పేచీ లేదు బావా.”

పైకెళ్లిన ప్రతిసారీ లోపలి గాలి ఒత్తిడికి విమానం ఒళ్లు రవ్వంత ఉబ్బుతుంది, దిగాక సర్దుకుంటుంది. నొక్కు ఉన్నచోటే ఆ లాగుడు పోగుపడుతుంది. అందుకే రెండు ప్రయాణాల మధ్య దొరికే అరగంటలో ఎవరో ఒకరు విమానాన్ని కుడిచేతి వైపు పెట్టుకుని చుట్టి రావాలి. అచ్చం ప్రదక్షిణే. టైర్లు, బ్రేకులు, ఇంజను రెక్కలు, ఎక్కడన్నా నూనె కారుతోందా, పిట్ట తగిలిన మరక ఉందా, అన్నీ చూడాలి. పాత సొట్టలకి లెక్క ఉంటుంది. ఎక్కడ, ఎంత లోతు అని పటం మీద గుర్తేసి ఉంచుతారు. పటంలో లేనిది కనపడిందా, లోతు కొలవాలి, పుస్తకంలో ఇచ్చిన హద్దుతో పోల్చాలి, బీట ఉందేమో పరికరం పెట్టి వెతకాలి. ఆ తరవాతే సంతకం. సంతకం పెట్టినాయన పేరు కాగితం మీద ఉండిపోతుంది. ప్రయాణికుల తిట్లు మాత్రం సాయంత్రానికి పోతాయి.

“మరి మీరూ ఇలా కొట్టి చూస్తారా?” అని పిన్ని అడిగింది. హేళనకే అడిగిందనుకున్నాను.

“ఆయ్. రూపాయి బిళ్లతో” అన్నాడు బావ. నేను నమ్మలేదు. ఇప్పటి విమానాల్లో కొన్ని భాగాలు లోహం కాదట, పొరలు పొరలుగా అతికించినవట. దెబ్బ తగిలితే పైపొర చెక్కు చెదరకుండానే లోపల పొరలు విడిపోవచ్చు. బిళ్లతో తట్టుకుంటూ పోతే అతుకు బాగున్నచోట గణగణమంటుంది, ఊడినచోట మొద్దుగా పలుకుతుంది. అనుమానమొస్తే అప్పుడు పెద్ద యంత్రాలు తెస్తారు.

పిన్ని వేరే కుండ ఎక్కించింది. పక్క కన్నంలోంచి ఎండు కొబ్బరాకు తోసింది. జయ బియ్యం రుబ్బి నీళ్లలా కలిపిన పిండిలో తెల్లగుడ్డ ముంచి, రెండు కొసలూ పట్టుకుని కుండ మీదుగా ఒక్క లాగు. చుయ్‌మంది. నేను రెప్ప వేసేలోగా రేకు లేచొచ్చింది. దాని వెనకనున్న ఆవిడ వేళ్లు లెక్కపెట్టొచ్చు. 2023లో ఈ ఊరి పూతరేకుకి భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో పడింది. పిన్నికి ఆ కాగితం ధ్యాసే లేదు. కుండ సరిగ్గా కాగకపోతే రేకు చిరుగుతుందన్నదొక్కటే ధ్యాస.

పదకొండింటికి ఫోన్‌లో మెసేజ్ వచ్చింది, విమానం రెండున్నరకి బయల్దేరుతుందని. బావ పూతరేకుల పెట్టెలు నా సంచిలో సర్దుతూ, “ఆ ఇంజనీరు కనపడితే ఒక పెట్టె ఆయనకివ్వు” అన్నాడు. బీటవారిన కుండని మనవడు పెరట్లోకి మోసుకెళ్తున్నాడు. దాన్లో బంతి నారు పోస్తాడట.