సూదిని తల్లిచేతికిచ్చు పని



మధుమేహమనగానే మీకు నడివయస్సు దాటినవారు జ్ఞాపకమునకు వత్తురు. అది పసిబిడ్డలకును వచ్చునని చెప్పిన మన పల్లెలలో అనేకులు నమ్మరు. నర్సుగా నా కాలమెక్కువగా ఇట్టి బిడ్డలతోనే గడచినది. లేపాక్షి బసవన్నను చూడవచ్చు యాత్రికులెరుగని పల్లెలకు వారికొరకే తిరిగితిని.

ఈ బిడ్డల శరీరములో ఇన్సులిన్ అను రసము దాదాపుగా ఊరదు. అది లేనిదే తిన్న అన్నము ఒంటికి పట్టదు. ఇది తీపి తినుటవలన వచ్చిన జబ్బు కాదు, తల్లి దోషమును కాదు. పూర్వము వైద్యులు ఆహారము తగ్గించి కొన్నాళ్లు ప్రాణము నిలుపుటకంటె చేయగలిగినది లేదు. 1922 జనవరిలో కెనడా దేశపు టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అను 14 ఏండ్ల బాలునికి మొట్టమొదట ఇన్సులిన్ సూది వేసిరి. అతడు మరి 13 ఏండ్లు బ్రదికెను.

సూది వేయుట నర్సు పని యని మీరనుకొందురు. దినమునకు రెండు మొదలు నాలుగు మారులు, జీవితాంతము వేయవలసిన సూదిని ఏ నర్సు వేయగలదు? దానిని తల్లిచేతికి, పిమ్మట బిడ్డచేతికి అప్పగించుటయే మా పని. సీసాపై 40 అని యున్న ఎర్రమూత సిరంజి, 100 అని యున్న నారింజరంగు మూత సిరంజి అని చదువురాని తల్లికి రంగులనుబట్టి నేర్పుదుము. ఫ్రిజ్ లేని యింట పెద్దకుండలో తడియిసుక పోసి, నడుమ చిన్నకుండ నుంచి, అందులో నీరు తగులకుండ సీసాను దాచుమందుము. రాగిముద్ద ఎంత తినినను చక్కెర పెరగదను మాట నిజము కాదని, ముద్ద కొలత చూపుదుము. బిడ్డకు చెమటలు పట్టి చేతులు వణకిన వెంటనే మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి త్రాగింపవలెను. స్మారకము తప్పినచో నోట ఏమియు పోయక ఆసుపత్రికి కొనిపోవలెను.

ఇంతకంటె కష్టమైనది మరియొకటి కలదు. సూదులు మొదలైన కొన్ని వారములకు కొందరు బిడ్డలకు మందు అవసరము బాగుగా తగ్గును. తొమ్మిదేండ్ల పిల్లవాడొకనికి అట్లే జరిగెను. వాని తల్లి వేరుసెనగ చేలలో కూలికి పోవును. ఇంట అవ్వ నన్ను చూచి, "పిల్లోడు బాగైనాడు కదమ్మా, ఇంక పొడిచేది యాల?" అనెను. సూది మానిన యిండ్లలో బిడ్డలు చనిపోయిన సంగతి నేనెరుగుదును.

"అవ్వా, ఎండిన బోరు కొన్నాళ్లు ఊరుకుంటే రెండు కుండల నీళ్లు పోస్తుంది. దాన్ని నమ్మి మడి నాటుతామా?" అంటిని.

ఆమె చాలసేపు మాటాడలేదు. తరువాత, "అట్లయితే వాని సూది పొద్దున్నే నేనే గుర్తు చేస్తాలే" అనెను. ఆమె మాట తప్పలేదు. వాడిప్పుడు తన సూది తానే వేసికొని బడికి పోవుచున్నాడు.

ఆడబిడ్డయైనచో పెండ్లి కాదను భయముచేత జబ్బును దాచుదురు. దాచిన సూది ఒకనాడు మానిన సూది యగును. కాబట్టి పొరుగువారలారా, ఆ బిడ్డను గూర్చి గుసగుసలాడకుడి. బడిపంతులుగారూ, వాని జేబులోని చక్కెరపొట్లమును తీసివేయకుడి.

మీ యింట బిడ్డ అదేపనిగా నీళ్లు త్రాగుచు, మాటిమాటికి మూత్రమునకు పోవుచు, పక్క తడుపుచు, చిక్కిపోవుచున్నచో, గాలి సోకినదని తాయెత్తులకు పోకుడి. ఆ దినమే వ్రేలినుండి ఒక రక్తపుబొట్టు తీయించి పరీక్ష చేయించుడి. వాంతులు, ఎగశ్వాస కనబడినచో తెల్లవారువరకు ఆగకుడి.