23 ఏళ్లకే గెలిచేసిన మనిషి

డాలస్‌లో ఏ తెలుగువాళ్లింటికి భోజనానికి వెళ్లినా పప్పు, పులుసులతో పాటు పిల్లల పోటీల కబుర్లూ వడ్డిస్తారు. స్పెల్లింగ్ బీ, రోబోటిక్స్, మ్యాథ్ ఒలింపియాడ్, ఈ మధ్య పియానో కూడా. మొన్న ఒకాయన "మావాడికి పియానోలో ఫస్టొచ్చిందండీ, ఇంక లైన్లో పడ్డట్టే" అన్నారు. అభినందించి, "వాన్ క్లైబర్న్ తెలుసా?" అనడిగాను. తెలీదన్నారు. ఫోర్ట్ వర్త్ మనకు గంట దూరం. ప్రపంచం నలుమూలల నుంచి పియానిస్టులు నాలుగేళ్లకోసారి అక్కడికొచ్చి తలపడే పోటీ ఆయన పేరు మీదే నడుస్తోంది.

క్లైబర్న్ 1934లో లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్‌లో పుట్టాడు. పెరిగింది మాత్రం మన తూర్పు టెక్సాస్ చమురు బావుల నడుమ, కిల్గోర్ అనే చిన్న ఊళ్లో. తండ్రిది ఆయిల్ కంపెనీలో ఉద్యోగం. తల్లి రిల్డియా బీ ఇంట్లోనే పియానో పాఠాలు చెప్పేది. ఒకరోజు పాఠం అయిపోయి శిష్యుడు వెళ్లిపోయాడు. లోపల పనిలో ఉన్న ఆవిడకి మాత్రం అతను వాయించిన వాల్ట్జ్ ఇంకా వినబడుతూనే ఉంది. వీడింకా ఇంటికి వెళ్లలేదేమిటా అని వచ్చి చూస్తే, పియానో ముందు తన మూడేళ్ల కొడుకు! మరో తల్లయితే పక్కింటివాళ్లని పిలిచి చూపించేది. ఆవిడ మాత్రం, విని వాయించేస్తే కుదరదు, పద్ధతిగా నేర్చుకోవాల్సిందేనని కూర్చోబెట్టింది. పాఠం జరుగుతున్నంతసేపూ తను అమ్మ కాదు, టీచరని చెప్పేదట. కొడుక్కి 17 ఏళ్లు వచ్చేవరకూ ఆవిడే గురువు.

ఆ గురుత్వమూ సామాన్యమైనది కాదు. ఆవిడ ఆర్థర్ ఫ్రీడ్‌హైమ్ దగ్గర నేర్చుకుంది. ఆయన సాక్షాత్తూ ఫ్రాంజ్ లిస్ట్ శిష్యుడు. మన బాలమురళీకృష్ణ గారిది త్యాగరాజస్వామి శిష్యపరంపరలో అయిదో తరమని చెప్పుకుని మురిసిపోతామే, కిల్గోర్‌లోని ఆ చిన్న ఇంటిదీ అలాంటి వంశవృక్షమే.

1951లో న్యూయార్క్ జూలియార్డ్‌లో చేరి, రష్యా నుంచి వచ్చిన రోజీనా లెవిన్ దగ్గర నేర్చుకున్నాడు. 1954లో లెవెంట్రిట్ బహుమతి కొట్టాడు. న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌తో కార్నెగీ హాల్లో వాయించాడు. ఇంకేం, లైన్లో పడ్డట్టే కదా? 1957 వచ్చేసరికి కచేరీలు పలచబడ్డాయి. అప్పుడే మాస్కోలో మొట్టమొదటి చైకోవ్‌స్కీ పోటీకి వెళ్లమని రోజీనా ఎగదోసింది.

స్పుత్నిక్ ఎగిరి ఆర్నెల్లయింది. అంతరిక్షంలోనే కాదు, సంగీతంలోనూ తమదే పైచేయని చూపించుకోవాలని సోవియట్లు పెట్టిన పోటీ అది. 1958 ఏప్రిల్‌లో, ఆరడుగుల నాలుగంగుళాల టెక్సాస్ కుర్రాడు వాళ్ల చైకోవ్‌స్కీనీ, వాళ్ల రఖ్మానినోవ్‌నీ వాళ్లకే వినిపించాడు. జనం లేచి నిలబడి అరిచారు. న్యాయనిర్ణేతల్లో ఎమిల్ గిలెల్స్, రిక్టర్ లాంటి ఉద్దండులున్నారు. అమెరికావాడికి ప్రథమ బహుమతి ఇవ్వొచ్చా అన్న సంగతి క్రుశ్చేవ్ దాకా వెళ్లింది. అందరికంటే అతనే బాగా వాయిస్తే అతనికే ఇవ్వండన్నాడట ఆయన. మే 20న న్యూయార్క్ వీధుల్లో కాగితాల వాన కురిపించి ఊరేగించారు. సంప్రదాయ సంగీత కళాకారుల్లో ఆ గౌరవం దక్కింది ఆయనొక్కడికే.

కిరిల్ కొండ్రాషిన్ నిర్వహణలో ఆ ఏడాదే రికార్డయిన చైకోవ్‌స్కీ ఒకటో కన్సెర్టో పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. ఐ-30 మీద ఫోర్ట్ వర్త్ వెళ్లేటప్పుడల్లా కార్లో పెట్టుకుంటాను. ముందు హార్న్‌లు నాలుగు స్వరాలు దిగుతాయి. ఆ తరవాత పియానో, కింది మెట్ల నుంచి పై మెట్ల దాకా రెండు చేతులతో గుప్పెళ్ల కొద్దీ స్వరాలు. అందరూ ఇక్కడ దూకుతారు. క్లైబర్న్ మాత్రం తొందరపడడు, ఒక్కో దెబ్బకీ దానికి కావలసినంత చోటిస్తాడు. తమాషా ఏమిటంటే, లోకమంతా కూనిరాగం తీసే ఆ వరస మొదటి నాలుగైదు నిమిషాల్లోనే అయిపోతుంది. ఆపైన కన్సెర్టో మొత్తంలో మళ్లీ ఎక్కడా రాదు.

చిక్కు ఆ విజయంతోనే వచ్చింది. ఏ ఊరు వెళ్లినా జనానికి ఆ మాస్కో కుర్రాడే కావాలి, ఆ కన్సెర్టోలే కావాలి. ఎదుగూబొదుగూ లేదని విమర్శకులు రాశారు. ఆ మాట కొంత నిజమే. కానీ తప్పు సగం శ్రోతలదని నేనంటాను. మన సభల్లోనూ పెద్ద విద్వాంసుడు కొత్త రాగం ఎత్తుకోగానే పాత హిట్టు కోసం చీటీలు పంపించమూ? 1974లో తండ్రీ, మేనేజర్ సోల్ హ్యూరాక్ ఇద్దరూ పోయారు. 1978లో, నిండా 45 ఏళ్లు రాకుండానే, కచేరీలు మానేసి తరవాత తల్లితో ఫోర్ట్ వర్త్ చేరాడు. తొమ్మిదేళ్ల తరవాత, 1987లో, గోర్బచేవ్ వచ్చినప్పుడు వైట్‌హౌస్‌లో మళ్లీ పియానో ముందు కూర్చున్నాడు. 2013లో ఫోర్ట్ వర్త్‌లోనే కన్నుమూశాడు.

ఆయన పేరిట పోటీ 1962లో మొదలైంది. పోటీదారుల్ని ఊళ్లోవాళ్లు తమ ఇళ్లలో ఉంచుకుంటారు, ప్రతి ఇంటికీ ఓ గ్రాండ్ పియానో వస్తుంది. 2022లో 18 ఏళ్ల కొరియా కుర్రాడు యున్‌చాన్ లిమ్ గెలిచాడు. క్లైబర్న్ మాస్కోలో వాయించిన రఖ్మానినోవ్ మూడో కన్సెర్టోనే అతనూ ఫైనల్లో ఎత్తుకున్నాడు. పతకంతో పాటు డబ్బే కాదు, మూడేళ్ల పాటు కచేరీలు కుదిర్చిపెట్టే ఏర్పాటూ ఉంది. పియానిస్టు బతికేది పతకం మీద కాదు, వచ్చే నెల కచేరీ మీద. నా లెక్కలో ఈ పోటీ ఇచ్చే అసలు బహుమతి అదే.

వచ్చే పోటీ 2029లో. డాలస్ తల్లిదండ్రులకు నాదొక మనవి. పిల్లల్ని ఫైనల్‌కి కాదు, తొలి రౌండ్‌కి తీసుకెళ్లండి. కిందటి రెండుసార్లూ అది టెక్సాస్ క్రిస్టియన్ యూనివర్సిటీ (టీసీయూ) ప్రాంగణంలో జరిగింది. అక్కడ రెండు డజన్లకు పైగా మంది వాయిస్తారు, పతకాలు ముగ్గురికే. మిగతావాళ్లు ఎలా వాయిస్తారో మన పిల్లలు వినాలి. కుదరకపోతే ఆన్‌లైన్‌లో ఉచితంగా చూపిస్తారు, ఇంట్లో కూర్చునైనా వినండి.