ట్రాలీ దీపానికి తిరుగు దారి

బల్బు కొత్తదే, తీగ కొత్తదే. అయినా వెనక లైటు వెలగదు. జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా రాత్రిపూట తిరిగే ట్రాక్టర్ ట్రాలీల చిక్కు ఇదే. మందు మాత్రం చాలా చిన్నది!

వరి కోతల కాలంలో పొద్దుగూకాక జగిత్యాలలో బయల్దేరి కోరుట్ల వైపు వెళితే వడ్ల లోడుతో ట్రాలీలు వరసగా ఎదురవుతాయి. కొన్నింటికి వెనక ఎర్ర దీపాలుంటాయి. కొన్నింటికి మిణుకుమంటుంటాయి. కొన్నింటికి అసలే ఉండవు. 63వ నంబరు జాతీయ రహదారి మీద వేగంగా వచ్చే బైకుకో కారుకో ఆ చీకటి ట్రాలీ మీదికొచ్చేదాకా కనపడదు.

ఇలాంటి బండి షెడ్డుకొస్తే అనుభవమున్న ఆటో ఎలక్ట్రీషియన్ బల్బు కంటే ముందు ఎర్త్ చూస్తాడు. ట్రాక్టర్ బ్యాటరీ 12 వోల్టులది. ప్లస్ నుంచి కరెంటు తీగలో బల్బు దాకా పోతుంది. మళ్లీ మైనస్‌కు చేరాలి కదా! ఆ తిరుగు ప్రయాణం బండి ఇనుము మీదుగా సాగుతుంది. దాన్నే బాడీ ఎర్త్ అంటారు. ట్రాక్టర్ వరకూ ఇబ్బంది లేదు. ట్రాలీ వేరే బండి. రెండింటినీ కలిపేది ఒక కొక్కెం, ఒక పిన్ను. అక్కడ తుప్పు, గ్రీజు, బురద. గతుకు వచ్చినప్పుడల్లా దారి తెగుతుంది, దీపం ఆరుతుంది.

21 వాట్ల బ్రేకు బల్బులు రెండూ కలిసి మూడున్నర ఆంపియర్లు తీసుకుంటాయి. తుప్పు దగ్గర అర ఓం అడ్డం పడితే చాలు, దాదాపు ఒకటిన్నర వోల్టు అక్కడే ఖర్చు. 230 వోల్టుల ఇంట్లో లెక్కకు రాని ఈ నష్టం 12 వోల్టుల దగ్గర దీపాన్ని మసకబారుస్తుంది. ఇండికేటర్ వేస్తే వెనక లైటు కూడా కొట్టుకుంటోందంటే ఎర్త్ సరిగా లేదనే అనుమానించాలి.

అందుకే ట్రాలీ సాకెట్‌లోని ఏడు పిన్నుల్లో ఒకటి ఎర్త్‌దే. దాని తీగ మిగతావాటికన్నా లావుగా ఉండాలి. అన్ని దీపాల కరెంటూ తిరిగొచ్చేది దాన్లోంచే. ఛాసిస్ మీద రంగు, తుప్పు గీకి, ఇనుము మెరిసేచోట బోల్టు బిగించి, పైన గ్రీజు రాస్తే ఏళ్ల తరబడి నిలుస్తుంది.

కోరుట్ల నుంచి కథలాపూర్, రుద్రంగి మీదుగా వేములవాడ వెళ్లే దారిలో జాతరలప్పుడు ట్రాలీ రూపం మారుతుంది. పైన తాటిపత్రి, కింద గడ్డి, మూలన బియ్యం మూట. రాజన్న దగ్గరికి ఇల్లే కదిలొచ్చినట్టుంటుంది! నిజానికి ట్రాలీ సరుకుల బండే, మనుషుల్ని ఎక్కించడానికి చట్టం ఒప్పుకోదు. గుడి దగ్గర ఆపి వంటకీ పడకకీ వాడుకునేవాళ్లు మాత్రం రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. బ్యాటరీ నుంచి బల్బు లాగితే ప్లస్ దగ్గరే ఫ్యూజు పెట్టాలి. 12 వోల్టులు షాక్ కొట్టకపోవచ్చు గానీ, తీగలు కలిస్తే ఎర్రగా కాలి గడ్డి అంటుకుంటుంది. 21 వాట్ల బల్బు పది గంటలు వెలిగితే పదిహేడున్నర ఆంపియర్ అవర్లు పోతాయి. పాత బ్యాటరీ అయితే తెల్లారి సెల్ఫ్ తిరగదు. అయిదు వాట్ల ఎల్‌ఈడీకి నాలుగు చాలు.

రెండోది ఇంకా ముఖ్యం. స్తంభం నుంచి కొక్కెం తగిలించి ట్రాలీలోకి కరెంటు తేకూడదు. బాడీ ఎర్త్‌కు పేరే తప్ప భూమితో పొత్తు లేదు. బండి నిలబడేది రబ్బరు టైర్ల మీద. తీగ తోలు ఊడి ఇనుముకు తగిలితే ట్రాలీ అంతా 230 వోల్టులే. ఒక కాలు నేల మీద పెట్టి దిగే పిల్లాడి ఒంట్లోంచే కరెంటు భూమిలోకి పోతుంది.

సిరిసిల్ల ప్రాంతానికి కరెంటు విలువ కొత్తగా చెప్పక్కర్లేదు. దేశంలో మొదట మొదలైన అయిదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల్లో ఇక్కడి ‘సెస్’ ఒకటి. 1970 నుంచి ఊళ్లకూ, పొలాలకూ, మరమగ్గాలకూ వెలుగు పంచుతోంది. మగ్గాల షెడ్డుకు ఎర్త్ గుంత ఎంత అవసరమో, ట్రాలీకి తిరుగు తీగ అంతే అవసరం.

బయల్దేరే ముందు ఒకరు బ్రేకు తొక్కాలి, ఒకరు వెనక నిలబడి చూడాలి. పట్టేది ఒక్క నిమిషం. నిలిచేది నిండు ప్రాణం.