మా సయాము యాత్ర

స్త్రీచేతికి నాలుగు రూకలు వచ్చినచో బంగారము కొనవలెననుట మన యిండ్లలో వేదవాక్యము. అందు వివేకము లేకపోలేదు. ఆపత్కాలమున కుదువబెట్టుటకు బంగారమును మించిన బంధువు బడిపంతులుగారి యింటికి వేరొకడు లేడు. మా మామగారి వైద్యమునకు నా బంగారు గాజులు నాలుగును అక్కరకు వచ్చినవి. నాటినుండి పదియేండ్లు నెలనెల కొంత మిగిల్చి, మరల గాజులు చేయించుకొనవలెనని కూడబెట్టుచు వచ్చితిని. కాని నా పొదుపు నడకకును బంగారపు ధర పరుగునకును పొత్తు కుదురలేదు. నిరుడు లెక్క చూడగా, నాలుగు గాజులకని దాచిన సొమ్ము రెంటికైనను చాలదాయెను.

మావారు గణితోపాధ్యాయులు. కాగితముపై లెక్క వేసి చూచి, "ఈ పందెమున నీవు గెలువలేవు. మన పెండ్లియై పదునారేండ్లాయెను. ఇరువురము కలిసి చూచినది తిరుపతియు, బంధువుల పెండ్లిపందిళ్ళును దప్ప మఱేమున్నది? ఈ చలికాలమున సయాము పోయి వత్తమా?" యనిరి. మా అత్తగారు విని, "బంగారము బీరువాలో నిలుచును, తిరుగుడు కాళ్ళనొప్పులలో నిలుచును" అని తీర్పు చెప్పిరి. సొమ్ము నాది గనుక నిర్ణయమును నాదే యని మావారు తప్పుకొనిరి. రెండు రాత్రులు నిదురపట్టలేదు. రేపు మరల రోగమో రొష్టో వచ్చినచో దేనిని కుదువబెట్టుదును? తుదకు సగము సొమ్మును వైద్యమునకని బ్యాంకులో వేరుగా నుంచి, మిగిలిన సగముతో పయనమునకు సమ్మతించితిని. పిల్లలను అత్తగారికి అప్పగించి, డిసెంబరు సెలవులలో బయలుదేరితిమి.

సయామనునది పాతపేరు. 1939లో ఆ దేశము థాయిలాండను పేరు పెట్టుకొన్నది. హైదరాబాదునుండి విమానమున మూడున్నర గంటలలో బ్యాంకాకు చేరితిమి. విమానాశ్రయము పేరు సువర్ణభూమి. లోపల దేవదానవులు వాసుకిని బట్టి సముద్రమథనము సేయుచున్న పెద్ద శిల్పము కన్పట్టగానే, పరదేశమునకు వచ్చితినన్న బెదురు సగము తీరినది. ఆ నగరమును వారు "క్రుంగ్ థేప్" అందురు. దేవతల నగరమని యర్థము. థేప్ అనగా మన దేవశబ్దమే. వారి చలికాలము మనకు చలి కాదు. మధ్యాహ్నమున 30 డిగ్రీల యెండ కాచినది. కాని వాన లేదు, ఉక్క తక్కువ. తిరుగుటకు అదియే తగిన కాలము.

మొదటినాడు రాజప్రాసాదమును, దాని యావరణలోని మరకతబుద్ధుని ఆలయమును దర్శించితిమి. విగ్రహము రెండడుగులకు కొంచె మెక్కువ యెత్తు మాత్రమే. వేసవికి, వానకాలమునకు, చలికాలమునకు ఆ మూర్తికి వేరువేరు బంగారు వస్త్రములు గలవు. ఋతువు మారినప్పుడు రాజే స్వయముగా వానిని మార్చును. మేము పోయినప్పుడు స్వామి భుజములు కప్పిన బంగారు వలవంటి చలికాలపు వస్త్రమును ధరించియుండెను.

ఆలయమును చుట్టియున్న మండపపు గోడలపై 178 చిత్రములలో రామకథ గలదు. దానిని వారు "రామకియెన్" అందురు. 1782లో ఈ నగరమును రాజధానిగా జేసిన మొదటి రామరాజు ఆ కథను తమ భాషలో కావ్యముగా కూర్చెను. చిన్ననాట మా తండ్రిగారియొద్ద శ్లోకము శ్లోకముగా రామాయణము చదివినదానను నేను. ఇచ్చట సీత దశకంఠుని కన్నకూతురు. పుట్టినంతనే కీడు చెప్పగా నీట విడువబడి, జనకునికి దొరకినది. హనుమంతుడు వారధి కట్టునపుడు, దశకంఠుని కుమార్తెయైన సువర్ణమత్స్యకన్యను వరించెను! ఆంజనేయభక్తులైన మావారు, "ఇదెక్కడి యపచారము!" అని గోడయెదుట నిలిచిపోయిరి. "కన్నబిడ్డను విడిచిన తండ్రి, ఎఱుగక ఆ బిడ్డనే హరించుకొని వచ్చినాడన్న కథలో ఎంత దుఃఖమున్నదో చూడుడు" అని నేనంటిని. వారు ఒప్పుకొనలేదు. నేను విడువలేదు. చావ్ ఫ్రయా నదియొడ్డున ప్రొద్దు గ్రుంకువరకు వాదించుకొంటిమి. ఇంటివద్ద మా మాటలు పాలలెక్కతో మొదలై పిల్లల ఫీజులతో ముగియును. అంతసేపు మే మొకరితో నొకరు మాటాడి యెన్నేండ్లాయెనో!

మఱునాడు వాట్ ఫో ఆలయమున 46 మీటర్ల నిడివిగల శయనబుద్ధుని చూచితిమి. పాదములపై ముత్యపుచిప్పతో పొదిగిన 108 మంగళచిహ్నములు గలవు. నది దాటి అరుణుని పేర వెలసిన వాట్ అరుణ్ గోపురమున కేగితిమి. దూరమునకు వజ్రపుతునియలవలె మెఱయునవి, దగ్గర కేగి చూడగా చీనా పింగాణి ముక్కలు! వాటితో పువ్వులు తీర్చిరి. పగిలిన పళ్ళెమును పెంటపై బాఱవేయు నా కంటికి ఆ గోపురము మంచి పాఠము చెప్పినది.

మూడవనాడు రైలెక్కి, సుమారు 80 కిలోమీటర్ల దూరమున నున్న అయుత్థయకు పోయితిమి. మన అయోధ్య పేరే యది. 1350లో స్థాపితమై, 1767లో బర్మావారి చేత నాశనమైన రాజధాని. తలలు లేని బుద్ధవిగ్రహములు వరుసలుగా కూర్చుండియున్నవి. ఒకచోట రాతితలను రావివ్రేళ్ళు తల్లి యొడివలె పొదవుకొన్నవి. అచ్చట ఛాయాచిత్రము తీసికొనువారు ఆ తలకంటె దిగువగా కూర్చుండవలెను. మఱొక ఆలయమున 16 మీటర్ల యెత్తున బంగారము తాపిన బుద్ధుడుండెనట. శత్రువులు ఆ బంగారము కరగించుకొనుటకై విగ్రహమునకే నిప్పు పెట్టిరి. "బంగారము నిలుచునన్న మా యమ్మకు ఈ సంగతి చెప్పకుము" అని మావారు నవ్విరి.

భోజనమునకు శాకాహారులు భయపడనక్కరలేదు. వంటలలో చేపరసము పోయుట వారి వాడుక గనుక, "జే" అను నొక్క మాట నేర్చుకొనవలెను. అనగా మాంసము, చేప, గ్రుడ్డు, పాలు, వెల్లుల్లి లేని భోజనము. పసుపుపచ్చని గుడ్డపై ఎఱ్ఱని యక్షరమున్న దుకాణమున అది దొరకును.

శనివారమున చతుచక్ సంతకు పోయితిమి. 15,000 కు మించిన దుకాణములతో శనివారము, ఆదివారము నిండుగా సాగు సంత యది. భాష రాకున్నను బేరము నిలువదు. అమ్మునది లెక్కయంత్రమున నొక యంకె నొక్కి చూపును, మన మొక యంకె నొక్కవలెను. మావారికి ఆ క్రీడ పరమానంద మైనది. తోడికోడలికి కొబ్బరిచిప్ప గరిటెలు, పిల్లలకు కొయ్య యేనుగులు, అత్తగారికి నొప్పులకు పూయు తైలము కొంటిమి.

తరువాత నొక పట్టుగుడ్డల అంగడియొద్ద నా కాళ్ళు నిలిచిపోయినవి. అంచులు చెదరినట్లుండు ఆ చిత్రములు నా కట్టుచీరపైని వానికి అక్కచెల్లెండ్రు! నేను కట్టినది పోచంపల్లి చీర. అంగడియమ్మ నా కుచ్చెళ్ళను పట్టి చూచి, "మత్ మీ! మత్ మీ!" అని నవ్వెను. "మత్" అనగా కట్టుట, "మీ" అనగా పోగు. మనవారు పోగుబంధ మన్నదానినే వారట్లందురు. నేయుటకు ముందే పోగులను లెక్కపెట్టి, రంగు తగులరాదన్నచోట బిగించి కట్టి, అద్ది, విప్పి, మరల కట్టి, మరల అద్దవలెను. ఒక్క పోగు జరిగినను బొమ్మ చెదరును. ఈశాన్యదిక్కున గల పల్లెలలో స్త్రీలు దీనిని నేయుదురు. నాటి రాణి సిరికిత్ 1976లో నెలకొల్పిన సంస్థవలన అట్టివారి చేతిపనికి ఆదరువు కలిగినది. ఆమె పేర 2012లో తెఱచిన వస్త్రప్రదర్శనశాల రాజప్రాసాదపు ప్రాకారములోనే యున్నది. 17వ శతాబ్దమున మన మచిలీబందరునకును సయామునకును ఓడలు నడచినవి. వారు కోరిన చిత్రములను మన కోరమండల తీరమున అద్ది పంపెడివారు. ఆ యంగడిలో మే మిరువురము పరాయివారము కాము.

ఆమె యంత్రమున మూడువేల బాత్ అని నొక్కెను. మావారు అలవాటుగా తగ్గింపబోగా నేను వారి చేయి పట్టుకొంటిని. "ఇన్ని ముడులు మీ చేత వేయించినచో ఎంత యడుగుదురు?" అంటిని. వారు మఱు మాటాడక సొమ్ము చెల్లించిరి. నాకై నేను కొనుకొన్నది ఆ నీలిపట్టు ఒక్కటే.

నేటికిని నా చేతులకు మట్టిగాజులే. వైద్యమునకని దాచిన సగము చెక్కుచెదరలేదు. వచ్చిన లాభ మేమనగా, రాత్రి భోజనమైన పిదప అరగంటసేపు మావారు, నేను రామాయణము తెఱచి కూర్చుందుము. సువర్ణమత్స్యను గూర్చిన తగవు ఇంకను తెగలేదు. సోదరీమణులారా! బంగారము వలదని నేను చెప్పను. ఆపదకు వలసినంత మొదట దాచుడు. ఆపైన మిగిలినదానిలో మీకును, మీ భర్తకును కలిసి చెందవలసిన కొన్ని దినములున్నవి. వానికి సయామే పోనక్కరలేదు. నాలుగామడల దూరమున నున్న కోవెలయైనను చాలును. ఇరువురే పోవుడు, తొందరలేక చూడుడు, కొనుదానిని చేసినవారి చేతిని తలచి కొనుడు.