తితిక్ష: అల తీసుకుపోయిన కళ్ళజోడు

తైత్తిరీయోపనిషత్తులోని బ్రహ్మానందవల్లి ఆనందమయకోశాన్ని ఒక పక్షిగా రూపించింది. ఆ పక్షికి ప్రియం శిరస్సు, మోదం కుడి రెక్క, ప్రమోదం ఎడమ రెక్క, ఆనందం ఆత్మ, బ్రహ్మమే పుచ్ఛం, ప్రతిష్ఠ. ఇష్టవస్తువు కంటబడినప్పుడు కలిగేది ప్రియమనీ, అది చేజిక్కినప్పుడు కలిగేది మోదమనీ, దానిని అనుభవించేటప్పుడు ఉప్పొంగేది ప్రమోదమనీ సంప్రదాయజ్ఞులు వివరిస్తారు. ఈ విభాగం యోగులకు మాత్రమే ఉద్దేశించినది కాదు. శనివారం ఉదయం బస్సెక్కి పట్నం వెళ్ళి, ఆదివారం రాత్రికి ఇల్లు చేరుకునే సామాన్య గృహస్థుని సుఖానికి కూడా ఇదే కొలమానం.

నర్సీపట్నం వారికి పట్నమంటే నేటికీ విశాఖపట్నమే. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడి, నర్సీపట్నం ఆ జిల్లాలో చేరినా, సెలవు గడపాలంటే ప్రయాణం ఆ దిక్కుకే సాగుతుంది. ఆ ఊరి విశ్రాంత ఉపాధ్యాయుడొకరు, ఆయన ధర్మపత్ని మార్గశిర మాసంలో అటువంటి ప్రయాణమొకటి తలపెట్టారు. ఇంట్లో ఆయన తల్లిగారు మంచం పట్టి రెండేళ్ళయింది. వేళకు మందు, వేళకు పథ్యం, రాత్రివేళ రెండుసార్లు లేచి చూడడం, ఇవన్నీ కోడలి చేతిమీదుగానే జరుగుతున్నాయి. కూతురు అత్తవారింటి నుండి వచ్చి, రెండు రోజులు నాయనమ్మ వద్ద ఉంటానని చెప్పడంతో ఆ ఇల్లాలికి విరామం లభించింది. ఏడాదికాలంలో ఆమె గడప దాటి ఒక రాత్రి బయట గడపడం అదే మొదటిసారి.

ప్రియం ఆ వారమంతా నడిచింది. బీరువా అడుగున ఉన్న చీర పైకి వచ్చింది. బస్సు వేళలను ఆమె రెండుసార్లు అడిగింది. మోదం శనివారం ఉదయం కిటికీ పక్క సీటు దొరకడంతో మొదలైంది. బస్సు తాళ్ళపాలెం వద్ద జాతీయ రహదారిని చేరి, బెల్లానికి ప్రసిద్ధమైన అనకాపల్లి మీదుగా సాగిపోయింది. దారి పొడుగునా ఆమె ఎక్కువగా మాట్లాడలేదు. ఎవరికీ ఏదీ అందించవలసిన పని లేకుండా ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చోవడమే ఆమెకు పెద్ద భోగంగా తోచింది.

మధ్యాహ్నం రామకృష్ణా బీచిలోని కురుసుర జలాంతర్గామిని దర్శించారు. 1969 నుండి 2001 వరకు నౌకాదళంలో సేవచేసి, 2002లో ఒడ్డుకు చేరి ప్రదర్శనశాలగా మారిన నౌక అది. ఉపాధ్యాయవృత్తి అలవాటుకొద్దీ ఆయన ప్రతి ఫలకాన్నీ ఆగి చదివారు. లోపలి ఇరుకు పడకలను, వంటచోటును చూసి ఆమె, “మన వంటిల్లే నయమండీ” అని నవ్వింది. సాయంకాలం ఇసుకలో కూర్చుని మురీ మిక్చర్ తిన్నారు. నిప్పులమీద కాల్చి, నిమ్మచెక్కతో ఉప్పూకారం రుద్దిన మొక్కజొన్న పొత్తులు చెరొకటి తీసుకుని నీటి అంచుకు నడిచారు. ఉపనిషత్తు చెప్పిన ప్రమోదం ఇదే.

ఆ క్షణాన ఒక పెద్ద అల వచ్చింది. ఆయన తడబడి ముందుకు వంగగానే కళ్ళజోడు జారి నురుగులో పడింది. మరుసటి అల దానిని తీసుకుపోయింది. అంతకుముందే ఆమె, “అద్దాలు సంచీలో వేయండి” అని ఒకసారి చెప్పి ఉన్నది.

శంకర భగవత్పాదుల కృతిగా ప్రసిద్ధి చెందిన వివేకచూడామణిలో తితిక్షకు ఒక నిర్వచనమున్నది. దుఃఖాలను ప్రతీకారం లేకుండా సహించడం, ఆ సహించడంలోనూ చింత, విలాపం లేకపోవడం తితిక్ష అని దాని సారాంశం. చేయకూడనివి మూడు చెప్పబడ్డాయి. ఆ సాయంకాలం ఆయన ఆ మూడింటినీ వరుసగా చేశారు.

మొదటిది ప్రతీకారం. సముద్రంమీద పగ తీర్చుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. కోపం మాత్రం అందిన చోటును వెదుక్కుంటుంది. “సంచీ నీ చేతిలోనే ఉంది కదా, నువ్వే అడిగి తీసుకోవలసింది” అన్నారాయన. రెండవది చింత. రేపు సింహాచలంలో స్వామి ఎలా కనబడతాడు? కొత్త అద్దాలకు ఎంతవుతుంది? మూడవది విలాపం. ఆ నాలుగడుగులు ముందుకు వేయకుండా ఉంటే ఎంత బాగుండేది! ప్రతీకారం ఎదుటివారిని బాధిస్తుంది, చింత రేపటిని తినివేస్తుంది, విలాపం గడిచిపోయిన దానిని తవ్వుతుంది. ఈ మూడింటి నడుమ వర్తమానమనేది మిగలలేదు. ఆమె చేతిలోని పొత్తు సగం తినకుండానే చల్లారింది.

ఇక్కడ శాస్త్రార్థాన్ని కొంత జాగ్రత్తగా గ్రహించవలసి ఉంది. ప్రతీకారం వద్దన్నంత మాత్రాన కొత్త కళ్ళజోడు కొనరాదని భావం కాదు. చేయదగిన పని చేయడం ధర్మమే. చేయదగినది లేని ఘడియలో మనస్సు ఏంచేస్తున్నదో గమనించడం సాధన. గీత రెండవ అధ్యాయం 14వ శ్లోకంలో శీతోష్ణ సుఖదుఃఖాలను వచ్చిపోయేవిగా చెప్పిన భగవానుడు వాటిని సహించమని అర్జునునికి ఉపదేశించాడు. ఆ ఉపదేశాన్ని అందరూ యుద్ధభూమికీ, పుత్రశోకానికీ అన్వయించుకుంటారు. పోయిన చెప్పులకూ, తప్పిన బస్సుకూ, ఒలికిన కాఫీకీ అన్వయించేవారు తక్కువ. పెద్ద దుఃఖం వచ్చినప్పుడు బంధువులు చేరతారు, ఓదార్పు దొరుకుతుంది, దుఃఖమే మనిషిని కొంత గంభీరుణ్ణి చేస్తుంది. చిన్న నష్టానికి అటువంటి గౌరవమేదీ లేదు. అందువల్లనే అక్కడ మనస్సు కాపలా లేకుండా దొరికిపోతుంది.

ఆ రాత్రి బసలో ఆయనకు నిద్ర పట్టలేదు. గోడవైపు తిరిగి పడుకున్న ఆమెను చూస్తూ లెక్కవేశారు. కళ్ళజోడు సోమవారం నర్సీపట్నంలోనే చేయించుకోవచ్చు. ఆమెకు ఏడాదికి దొరికిన ఒక్క శనివారం సాయంకాలాన్ని మాత్రం ఏ దుకాణంలోనూ చేయించలేరు. దానిని అల తీసుకుపోలేదు. తెల్లవారుజామున ఆయన మసకచూపుతో మెట్లు తడుముకుంటూ దిగి, రెండు టీలు పట్టుకువచ్చారు. సగం దారిలోనే ఒలికింది. ఆమె గ్లాసు అందుకుని, “నన్ను లేపితే నేనే వెళ్ళేదాన్ని కదా” అంది. “అందుకే లేపలేదు” అన్నారాయన. క్షమాపణ అంతకుమించి జరగలేదు.

సింహగిరిపై ఆమె ఆయన మోచేయి పట్టుకుని క్యూలో నడిపించింది. గర్భాలయం ముందుకు వచ్చేసరికి ఆయనకు వెలుగు, దాని నడుమ పచ్చని ఆకృతి మాత్రమే తోచాయి. జరగమంటున్న ఒత్తిడిలో చేతులు జోడించి బయటికి వచ్చి, “స్వామి ఎలా ఉన్నాడు?” అని అడిగారు. ఆమె కొంచెం ఆలోచించి, “ఏం చెప్పమంటారు? చందనం, పూలు, దీపం. నాకూ అంతే కనబడింది” అంది.

ఆమె మాట వాస్తవం. సింహాచలంలోని వరాహనరసింహస్వామి నిజరూపం వైశాఖ శుద్ధ తదియనాడు, అంటే అక్షయతృతీయనాడు మాత్రమే దర్శనమిస్తుంది. ఆ తరువాత విడతకు మూడు మణుగుల చొప్పున నాలుగు విడతలుగా చందనం సమర్పిస్తారు. తక్కిన దినాల్లో భక్తులు దర్శించేది చందనావృతమైన లింగాకారాన్ని. కళ్ళజోడు ఉన్నవారికీ లేనివారికీ నిజరూపం సమానంగానే మరుగున ఉంటుంది. ఉపాధులచేత ఆవృతమైన తత్త్వాన్ని గురించి వేదాంతులు చెప్పేదానికి ఇంతకంటే సులభమైన దృష్టాంతం లేదు. చూపు పదునెక్కినంత మాత్రాన ఆవరణం తొలగదు. ఆవరణం ఉన్నదని తెలిసి కూడా చేతులు జోడించడం భక్తి. పక్కనున్న మనిషి ముఖంమీది అలసటను చూడగలగడానికి మాత్రం అద్దాలు అక్కరలేదు.

తితిక్షను సాధారణంగా ముముక్షువు తన మోక్షం కోసం అలవరచుకునే గుణంగా, శమదమాది షట్కసంపత్తిలో ఒకటిగా బోధిస్తారు. అది సత్యమే. గృహస్థాశ్రమంలో దానికి మరొక ప్రయోజనం కూడా ఉన్నది. ఇంటిలో ఒకరి అసహనానికి మూల్యం మరొకరు చెల్లిస్తారు. తరచుగా ఆ చెల్లించేది తక్కువ విరామం దొరికిన మనిషే. కనుక చిన్న నష్టం సంభవించిన వేళ గృహస్థు తనను తాను మొదట వేసుకోవలసిన ప్రశ్న “నాకు ఏమి పోయింది?” అన్నది కాదు, “ఈ రోజు ఎవరిది?” అన్నది. ఆ ప్రశ్నను వేళకు వేసుకోగలిగిన ఇంట్లో మంచం పట్టిన తల్లికి రాత్రి మందు ఇచ్చే వంతు కూడా కొన్నాళ్ళకు చేయి మారుతుంది.

స్వస్తి.